తెర మీది పుస్తకం... ఎంతవరకు నమ్మకం?

ఒకే ఒక్క తెలుగు అక్షరం. అది తెర మీదికి రాగానే వేలకు వేలు పోసి కొన్న ఐఫోన్లు బిక్కచచ్చిపోయాయి! 2018 ఫిబ్రవరిలో జరిగిందీ వింత. ఎవరో పంపిన సందేశంలో 'జ్ఞా' అన్న అక్షరం ఓ ప్రత్యేకమైన కూర్పుతో ఉంటే చాలు... మెసేజీల యాప్ టక్కున మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. వాట్సప్‌దీ అదే వరస. ఆకతాయిలకు ఇంకేం కావాలి? తెలుగు ముక్క రానివాళ్లు కూడా ఆ అక్షరాన్ని స్నేహితులకు పంపించి తమాషా చూశారు. ఫిబ్రవరి 19న యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 పేరుతో సవరణ విడుదల చేశాక గానీ గొడవ సద్దుమణగలేదు.

పాపం, తప్పు మన అక్షరానిది కాదు. మనకు 'జ్ఞా' ఒకటే అక్షరం. కంప్యూటరుకు మాత్రం అది జ, పొల్లు, ఞ, దీర్ఘం... ఇలా నాలుగు సంకేతాలు. వాటిని చదువుకుని, ఏది పైన ఉండాలో, ఏది ఒత్తుగా మారాలో, దీర్ఘం ఎక్కడ తగిలించాలో లెక్కగట్టి తెర మీద బొమ్మ గీయాలి. ఆ నాలుగింటి మధ్యలోకి కంటికి కనపడని ఐదో గుర్తు ఒకటి, అక్షరాలను కలవనీయకుండా విడదీసేది, చొరబడేసరికి లెక్క తప్పింది. అంతే, యాప్ చేతులెత్తేసింది. మామూలుగా టైపు చేసిన 'జ్ఞానం' వల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

ఫోను సంగతి మనకెందుకు, పుస్తకాల గురించి కదా మాట్లాడుకోవాలి అంటారా? అక్కడికే వస్తున్నాం. సందేశమైనా, వార్తయినా, నాలుగొందల పేజీల నవలయినా తెర మీద అక్షరం పుట్టేది ఇలాగే. పుస్తకం చదవడానికి ఇవాళ ఇంటింటా ఏదో ఒక తెర ఉంది. నాన్నకు ఫోను, పిల్లలకు ట్యాబు, బామ్మగారికి అమెరికా నుంచి మనవడు తెచ్చిన ఈ-రీడరు. కొనేటప్పుడు మనం అడిగేది ఒకటే: 'ఇందులో ఎన్ని పుస్తకాలు పడతాయి?' అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరు. ఇందులో పెట్టిన పుస్తకం రేపు ఉంటుందా? ఉంటే, ఇలాగే ఉంటుందా?

వంట ఎవరిది?

అచ్చు పుస్తకం వండి వడ్డించిన విస్తరి లాంటిది. ప్రెస్సు గడప దాటిన రోజునే దాని బాగోగులు తేలిపోతాయి. అచ్చుతప్పులుంటే ఉంటాయి, లేకపోతే లేవు. అర్ధరాత్రి ఎవరో వచ్చి అందులో అక్షరాలు మార్చరు. ఈ-పుస్తకం అలా కాదు. అది బియ్యం, పప్పు, వంట చేసే పద్ధతి రాసిన కాగితం... అన్నీ కట్టి ఇచ్చిన మూట. మీరు తెరిచిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ అనే వంటమనిషి అప్పటికప్పుడు వండాలి. మీరు అక్షరాలు పెద్దవి చేస్తే పంక్తులన్నీ మళ్లీ పేర్చాలి. ఫోను అడ్డంగా తిప్పితే మరోసారి. అందుకే ఒకే పుస్తకం ఒక యాప్‌లో ముత్యాల్లా కనపడి, ఇంకో యాప్‌లో ఒత్తులు జారిపోయి కనిపిస్తుంది. సరుకు అదే, వంటమనిషి వేరు.

ఈ మూట కట్టడానికి ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. పేరు ఈపబ్. 2007లో ప్రమాణంగా వచ్చింది. మూట సరిగ్గా కట్టారో లేదో చూసే 'ఈపబ్‌చెక్' అన్న ఉచిత పరికరమూ ఉంది. కానీ అది చూసేది మూట ముడిని మాత్రమే. లోపల బియ్యంలో రాళ్లున్నాయో లేదో మనిషే చూడాలి.

ఆ మనిషి చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2012 నాటి ఓ తమాషా చాలు. టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' నవలకు అమెరికాలో ఎవరో తక్కువ ధరకు ఈ-పుస్తకం తయారుచేశారు. ముందు అమెజాన్ వారి కిండిల్ కోసం చేసి, తర్వాత దాన్నే బార్న్స్ అండ్ నోబుల్ వారి నూక్ కోసం మార్చారు. 'కిండిల్' అని ఉన్నచోటల్లా 'నూక్' అని పెట్టమని కంప్యూటరుకు చెప్పారు కాబోలు! చిక్కేమిటంటే, ఇంగ్లిషులో కిండిల్ అంటే రాజేయడం, వెలిగించడం అన్న మామూలు మాట కూడా. దాంతో నవలలో దీపాలు వెలగడానికి బదులు 'నూక్' అవడం మొదలెట్టాయి. కథలో రాము పేరును సోముగా మార్చమంటే 'రాములవారి గుడి' కాస్తా 'సోములవారి గుడి' అయిపోయినట్టన్నమాట. ఆ తప్పును పట్టుకున్నది కంపెనీ కాదు, చదువుతూ చదువుతూ అనుమానమొచ్చిన ఓ పాఠకుడు.

కొన్నారా? అద్దెకు తెచ్చుకున్నారా?

అక్షరం తప్పితే సర్దుకుపోవచ్చు. పుస్తకమే మాయమైతే? 2009 జులైలో అమెరికాలో సరిగ్గా అదే జరిగింది. జార్జ్ ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' నవలల్ని డబ్బిచ్చి కొనుక్కున్నవారి కిండిళ్లలోంచి అవి రాత్రికి రాత్రి కనపడకుండా పోయాయి. వాటిని అమ్మకానికి పెట్టిన సంస్థకు అసలు హక్కుల్లేవని తెలిసి, అమెజాన్ తన దగ్గర్నుంచే వాటిని తుడిచేసింది. డబ్బు వెనక్కి ఇచ్చింది, నిజమే. కానీ దుకాణంవాడు మన ఇంట్లోకి వచ్చి, అల్మరాలోంచి పుస్తకం పట్టుకుపోయి, బల్ల మీద డబ్బు పెడితే ఊరుకుంటామా? ప్రభుత్వం పాత రాతల్ని మాయం చేసే కథ ఉన్నది '1984'లోనే కావడం ఇందులో కొసమెరుపు.

మిషిగన్‌లో ఓ పదిహేడేళ్ల కుర్రాడికి నష్టం ఇంకో రకంగా జరిగింది. స్కూలు పనికోసం ఆ నవల చదువుతూ రాసుకున్న గమనికలు మిగిలాయి గానీ, అవి ఏ వాక్యం గురించి రాశాడో ఆ వాక్యాలే లేవు! అతను కోర్టుకెక్కాడు. కంపెనీ లక్షా యాభై వేల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. సెప్టెంబరులో పోయిన పుస్తకాలను గమనికలతో సహా తిరిగి ఇస్తామని, వద్దంటే 30 డాలర్లు ఇస్తామని సంస్థ ప్రకటించింది.

ఇంకో ముచ్చట. 2017లో మైక్రోసాఫ్ట్ ఈ-పుస్తకాల దుకాణం తెరిచింది. గిరాకీ లేక 2019 ఏప్రిల్‌లో మూసేస్తున్నట్టు చెప్పింది. దుకాణం మూస్తే కొత్తవి దొరకవు, అంతేగా అనుకుంటాం. కాదు. ఆ ఏడాది జులైలో, అప్పటికే కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. తాళాలు ఆ దుకాణం దగ్గరే ఉన్నాయి మరి! ఇక్కడా డబ్బు పూర్తిగా వెనక్కి ఇచ్చారు. పుస్తకాల్లో గమనికలు రాసుకున్నవారికి మరో 25 డాలర్లు కలిపారు. మార్జిన్‌లో మనం రాసుకున్న నాలుగు ముక్కలకు ఓ పెద్ద కంపెనీ కట్టిన ధర అది.

పోనీ, మన కంప్యూటరులో ఓ నకలు దాచుకుందామా అంటే, కిండిల్ పుస్తకాలను వెబ్‌సైటు నుంచి కంప్యూటరులోకి దించుకుని కేబులుతో ఎక్కించుకునే సదుపాయాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది. ఒక మంచి మార్పు మాత్రం వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓ చట్టం అమల్లోకి వచ్చింది. ఇలాంటి సరుకు అమ్మేవాళ్లు కొనేవారికి దక్కేది సొంత హక్కు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పి తీరాలి. చెప్పినంత మాత్రాన పుస్తకం మనదైపోదు గానీ, కనీసం ఏం కొంటున్నామో తెలుస్తుంది.

అప్‌డేట్ అనే చుట్టం

పాత రేడియో ఇరవై ఏళ్లు పాడేది. దానికి ఎవరూ అప్‌డేట్ పెట్టలేదు. ఈ-రీడరుకు అలా కుదరదు. దుకాణంతో మాట్లాడే భాష, భద్రతకు సంబంధించిన తాళాలు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి. 2012కీ, అంతకు ముందు కాలానికీ చెందిన పాత కిండిళ్లకు అమెజాన్ 2016లో ఓ గడువు పెట్టింది. మార్చి 22 లోపు అప్‌డేట్ చేసుకోకపోతే ఇంటర్నెట్‌తో సంబంధం తెగిపోతుందని చెప్పింది. గడువు దాటినవారు కంప్యూటరులోకి దించుకుని, కేబులుతో చేత్తో ఎక్కించుకోవాల్సి వచ్చింది. యంత్రం చెడిపోలేదు, తెర పగల్లేదు. అయినా అది సగం పనికిరాకుండా పోయే ప్రమాదం వచ్చిపడింది.

అలాగని అప్‌డేట్‌ను అనుమానించి ఆపేయడమూ తెలివైన పని కాదు. 'జ్ఞా' గొడవ తీరింది అప్‌డేట్‌తోనే. 2014 అక్టోబరులో ఇంకో సంగతి బయటపడింది. ఎన్నో దుకాణాల ఈ-పుస్తకాలు తెరవడానికి వాడే అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ నాలుగో రూపం, మనం ఏ పుస్తకం చదువుతున్నామో, ఏ పేజీలో ఉన్నామో ఆ వివరాలను కంపెనీకి పంపుతోంది. అదీ దారిలో ఎవరైనా చదివేలా, కవరు లేని కార్డుముక్క మాదిరిగా! గొడవయ్యాక కంపెనీ దాన్ని సరిదిద్దింది. ఆ సవరణ అందింది కూడా అప్‌డేట్ చేసుకున్నవారికే. అందుకని చెప్పేదేమిటంటే, అప్‌డేట్ చేయండి, కానీ చార్జింగ్ నిండుగా ఉన్నప్పుడు, పరీక్షల ముందు రోజు కాకుండా, గమనికలకు ఓ నకలు తీసుకున్నాకే.

లోపం కానిదేది? అవునన్నదేది?

ఈ-రీడరు కొత్తగా వాడేవాళ్లు కొన్నిటిని చూసి కంగారు పడతారు. పేజీ తిప్పాక పాత పేజీ అక్షరాలు లీలగా కనిపించడం వాటిలో ఒకటి. ఈ-ఇంక్ తెరలో నలుపు, తెలుపు రేణువులు సన్నని గుళికల్లో పైకీ కిందకీ కదులుతూ అక్షరాలు కడతాయి. కొన్ని రేణువులు పాత చోటే ఆగిపోతే ఆ ఛాయ. తెర ఒకసారి పూర్తిగా నలుపై తెలుపైతే పోతుంది. అది లోపం కాదు.

ఇంకోటి దీనికి పూర్తిగా తిరకాసు. ఈ-ఇంక్ తెరకు కరెంటు కావలసింది పేజీ మారేటప్పుడే. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. కానీ అదే కారణంగా సాఫ్ట్‌వేర్ స్తంభించిపోయినా తెర మీద పేజీ ముచ్చటగా అలాగే ఉంటుంది! చూడటానికి అంతా బాగానే ఉంటుంది, ఎంత నొక్కినా పేజీ తిరగదు. పాడైపోయిందని మూల పడేయకండి. కిండిల్ అయితే పవర్ బటన్‌ను సుమారు 40 సెకన్లు నొక్కి పట్టుకుంటే మళ్లీ మొదలవుతుంది. మిగతావాటికీ ఇలాంటి పద్ధతే ఉంటుంది.

ఇంటిల్లిపాదీ ఒకే ఖాతా వాడితే మరో తంటా. అమ్మ 40వ పేజీలో ఉంటుంది. అదే పుస్తకాన్ని కాలేజీలో కూతురు 212వ పేజీ దాకా చదివేస్తుంది. అమ్మ తెరవగానే యాప్ 'మీరు 212లో ఉన్నారు, వెళదామా?' అని అడుగుతుంది. అవునన్నారా, కథ ముగింపు తెలిసిపోయినట్టే. యాప్ తప్పు చేయలేదు. ఒక ఖాతాకు ఒక మనిషే అనుకుంది. ఇంట్లో ఇద్దరు ఒకే పుస్తకం చదువుతుంటే ఆ పేజీలు కలిపే సదుపాయాన్ని ఆపేసుకోవడమే మందు.

తెలుగుకు రెట్టింపు పరీక్ష

ఇంగ్లిషు పుస్తకానికి ఒక పరీక్ష అయితే తెలుగు పుస్తకానికి రెండు. 2016 డిసెంబరులో అమెజాన్ భారతీయ భాషల్లో కిండిల్ పుస్తకాలు ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం... ఐదు భాషలున్నాయి. తెలుగు లేదు. గుణింతాలూ ఒత్తులూ అన్నీ సరిగ్గా పడేలా చూడటం కాస్త శ్రమే. కానీ ఆ శ్రమ తమిళానికీ మలయాళానికీ పడ్డారుగా అన్న ప్రశ్న మనది.

మన ఇంట్లోనూ ఓ చిక్కు ఉంది. తెలుగు డీటీపీని ఏళ్లకేళ్లు ఏలింది అను ఫాంట్ల వంటివి. అప్పటికి అవే దిక్కు. వాటిలో కంప్యూటరు దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు, ఓ ఇంగ్లిషు సంకేతాన్ని. ఫాంటు అనే ముసుగు తొడిగితేనే అది తెలుగులా కనపడుతుంది. ముసుగు తీస్తే అర్థంపర్థం లేని గుర్తుల గుంపు. అలా తయారైన వేల పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు గల్లంతవుతాయి, పక్క పదాలు అతుక్కుపోతాయి. ఈ బాధ పడలేక చాలామంది పీడీఎఫ్ చేసి వదిలేస్తారు. పీడీఎఫ్ అంటే పేజీకి తీసిన ఫొటో లాంటిది. ఫోను తెర మీద చీమల బారులా కనపడుతుంది. పెద్దది చేస్తే పంక్తి కుడివైపుకి పారిపోతుంది. ఇందులో ఒక మాట వెతకలేం. చూపు మందగించిన తాతగారికి ఫోను దాన్ని చదివి వినిపించనూ లేదు. తెలుగులో ఈ-పుస్తకం నాణ్యత అంటే ముందు ఇదీ.

ఈ విషయంలో ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలంటే తెలుగు వికీసోర్స్‌కు వెళ్లి చూడండి. పాత పుస్తకాల స్కాన్లను కంప్యూటరు చేత చదివించి, ఆ పాఠాన్ని వాలంటీర్లు ఒక్కో పేజీ పక్కన అసలు బొమ్మ పెట్టుకుని దిద్దుతారు. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగు. వేరొకరు మళ్లీ సరిచూస్తేనే పచ్చరంగు. దిద్దినవారే తమ పేజీని పచ్చ చేసుకోవడానికి వీల్లేదు. పెద్ద కంపెనీలు డబ్బు తీసుకుని అమ్మే పుస్తకాలకు కూడా ఈ పాటి పట్టింపు ఉంటే ఎంత బాగుండును!

కొనేముందు పావుగంట

ఈ-రీడరు కొనబోతున్నా, కొత్త యాప్ వేసుకున్నా... డబ్బు కట్టేముందు నమూనాగా ఉచితంగా ఇచ్చే పుస్తకంతో ఈ పరీక్షలు చేసి చూడండి.

మొదటిది, అక్షరాలను బాగా పెద్దవి చేయండి. క్ష్మ, స్త్రీ, జ్ఞా, ర్య... ఇవి విడిపోకుండా ఉన్నాయా? పంక్తి చివర పదం విరిగితే ఒత్తు కింద పంక్తిలోకి జారిందా?

రెండోది, పుస్తకంలో ఉన్న ఓ తెలుగు మాటను వెతకండి. దొరక్కపోతే లోపల ఉన్నది పాఠం కాదు, బొమ్మ.

మూడోది, ఒక గమనిక రాసి, ఒక పంక్తికి రంగు వేసి, యాప్ పూర్తిగా మూసి, ఫోను ఆపి మళ్లీ తెరవండి. ఆగిన పేజీలోనే తెరుచుకుందా? గమనిక ఉందా?

నాలుగోది, ఇంటర్నెట్ ఆపేసి చూడండి. రైల్లో వెళుతున్నప్పుడు తెరుచుకోని పుస్తకం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యం. మీ గమనికలను బయటికి, మీ మెయిల్‌కో కంప్యూటరుకో, తీసుకునే దారి ఉందా? ఆ దారి లేని యాప్‌లో పిల్లల చదువుకు సంబంధించిన రాతలు పెట్టకండి.

తాళాలు లేకుండా అమ్మే ప్రచురణకర్తలూ ఉన్నారు. అలాంటి పుస్తకాలు దొరికితే అవే కొనండి. వాటిని కంప్యూటరులో భద్రంగా సర్ది ఉంచుకోవడానికి కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. ఆడంబరం లేని దస్త్రానికే ఆయుష్షు ఎక్కువ. 1971లో మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోకి ఎక్కించి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌కు నాంది పలికారు. ఆయన నమ్ముకున్నది ఏ హంగులూ లేని సాదా అక్షరాలను. ఆ తర్వాత ఎన్ని రకాల యంత్రాలు వచ్చి పోయినా సాదా పాఠం మాత్రం ఇవాళ్టికీ ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది.

ఇక చివరి మాట. తప్పు కనపడితే విసుక్కుని ఊరుకోకండి. కిండిల్‌లో తప్పున్న మాటను నొక్కి పట్టుకుంటే ఆ తప్పు గురించి కంపెనీకి చెప్పే వీలుంది. తప్పులు ఎక్కువున్న పుస్తకాల దగ్గర హెచ్చరిక పెడతామని 2016లో అమెజాన్ ప్రకటించింది కూడా. మిగతా యాప్‌లకు మెయిల్ చిరునామా ఉంటుంది. 'జ్ఞా' దెబ్బకు ప్రపంచమంతా ఐఫోన్లు ఆగాయి కాబట్టి సవరణ అంత వేగంగా వచ్చింది. ఓ తెలుగు నవల 57వ పేజీలో ఒత్తు పోతే ఎక్కడి ఫోనూ ఆగదు. అమెరికాలో కూర్చున్న ఇంజినీరుకు అది కనపడదు, కనపడినా తప్పని తెలియదు. తెలిసేది మనకే. ఆ పేజీని ఓ ఫొటో తీసి, రెండు ముక్కలు రాసి పంపండి. రెండు నిమిషాల పని. తర్వాత చదివేవారికైనా ఆ ఒత్తు కనపడుతుంది.